నెమరేస్తందా?

నేను పశువుల డాక్టర్ని. పదహారేళ్ళ సర్వీసు. ఈ పదహారేళ్ళలో నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట నా కూతురి పేరు కాదు, మా ఆయన పేరు అసలే కాదు. "నెమరేస్తందా?" అన్న మాట.

ఎవరు ఫోన్ చేసినా, ఆవైనా గేదైనా, ముందు అదే అడుగుతాను. మేత తిన్నదా, నీళ్ళు తాగిందా, పేడ వేసిందా అన్నవన్నీ తర్వాత. ఆవు మేత తినడానికి ఎంతసేపు పడుతుందో, తిన్నది నెమరు వేసుకోడానికీ దాదాపు అంతసేపు పడుతుంది. తీరిగ్గా పడుకుని, కళ్ళు సగం మూసి, దవడ ఆడిస్తూ ఉంటుంది. చూసేవాళ్ళకి పనీపాటా లేనట్టు కనిపిస్తుంది. కానీ రోజు మొత్తం మీద అది చేసే పెద్ద పని అదే. దవడ ఆగిపోయిందని చెప్పారంటే ఇంకో ప్రశ్న వెయ్యను, మందుల పెట్టె తీసుకుని బండి ఎక్కుతాను.

కిందటేడు దసరాల్లో ఒక్క ఫోన్‌కి ఆ మాట అడగలేదు. అది అచ్చియ్యమ్మ ఎర్రావు గురించి వచ్చిన ఫోను.

అచ్చియ్యమ్మది గోవాడ రోడ్డులో, చోడవరానికి దగ్గర్లో ఉన్న ఊరు. ఊరి పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరు ఆవిడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అన్నీ తవ్వుతారు. అరవై అయిదేళ్ళుంటాయి. భర్త లేడు. కొడుకు రాము గాజువాకలో ఏదో కంపెనీలో పని, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఆవిడ, పాకలో ఎర్రావు. ఎర్రటి ఆవు కాబట్టి ఎర్రావు, అంతకంటే పేరు పెట్టలేదు. తెల్లారి లేవడానికి నాకు అదొక్కటే కారణం అని ఆవిడే ఒకసారి అంది. ఊరికే మాటవరసకి అన్నదనుకున్నాను.

ఆ ఆవుకి రెండేళ్ళపాటు చూలు నిలవలేదు. మూడుసార్లు చూలు కట్టే సూది వేశాను, మూడుసార్లూ పోయింది. నాలుగోసారి నిలిచింది. చెయ్యి పెట్టి చూసి "సూడితో ఉంది పిన్నీ" అని చెప్పినరోజు అచ్చియ్యమ్మ ఆవు నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ వెంటనే, నేను భుజం దాకా ఉన్న గ్లౌజు తియ్యకముందే, పేడ కారుతున్న నా చెయ్యి రెండు చేతుల్తోనూ పట్టుకుంది. దసరాల నాటికి ఎనిమిదో నెల నడుస్తోంది. కార్తీకంలో ఈనాలి.

ఇక నా సెలవు సంగతి. గాలికుంటు టీకాల పని మొదలైనప్పటి నుంచి రెండు నెలలు నేను ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది తక్కువ. పొద్దున్నే ఊళ్ళ మీద పడటం, మధ్యాహ్నం ఆసుపత్రి, సాయంత్రం రిపోర్టులు, మధ్యలో ఈనలేక అవస్థపడే గేదెలు. ఒకరోజు ఆసుపత్రి మెట్లెక్కుతూ తల తిరిగి గోడ పట్టుకున్నాను. బీపీ చూసిన డాక్టరమ్మ నాకన్నా చిన్నది, కానీ నన్ను మందలించేసింది. "మీరు మందులు వాడితే సరిపోదండీ. సెలవు పెట్టండి. ఫోన్‌కి కూడా సెలవు పెట్టండి" అంది.

దుర్గాష్టమి, మహానవమి, విజయదశమి, మూడు రోజులు సెలవు పెట్టాను. పక్క మండలం డాక్టరు హరిబాబుకి చార్జి ఇచ్చాను. ఆయనా చోడవరంలోనే ఉంటాడు, నాకన్నా ఆరేళ్ళు జూనియర్, మంచి చెయ్యి. కాగితం మీద సంతకం పెట్టి అన్నీ అప్పగించాను. ఫోను మాత్రం అప్పగించలేదు. నా నంబరుకి వచ్చే కాల్స్ ఆయన నంబరుకి మళ్ళించమని ఆయనే అడిగాడు. "ఫర్వాలేదు హరిబాబు గారూ, అవసరమైతే నేనే చెప్తాను" అన్నాను. మా ఊళ్ళ పశువుల గురించి నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని నా నమ్మకం. నిజం చెప్పాలంటే అది నమ్మకం కాదు, పొగరు.

ఇంట్లో వాళ్ళకి నా సెలవు సంగతి తెలిసిన గంటలోనే అది నాది కాకుండా పోయింది.

మా అత్తగారు గున్నమ్మ మాతోనే ఉంటుంది. మనిషి మంచిదే, నోరు పెద్దది. "ఎలాగూ సెలవే కదే, ఈసారి మూడు రోజులూ నైవేద్యాలు గట్టిగా సేద్దాం" అంది. మా ఆయన ధర్మతేజ పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. "సెలవే కదా, మా వాళ్ళని ఇద్దర్ని భోజనానికి పిలుస్తాను" అన్నాడు. ఆడపడుచు రోజా రావికమతం నుంచి ఫోన్ చేసి, "సెలవేనట కదా వదినా, పిల్లల్ని తీసుకుని అష్టమికి వచ్చేస్తన్నాం" అంది. పదేళ్ళ మా చిన్నారి కూడా సైన్సు ప్రాజెక్టు తెచ్చి నా ముందు పెట్టి, "నీకు సెలవే కదమ్మా" అంది. అందరి మీదా కోపం వచ్చింది. ఒక్కరికీ కుదరదని చెప్పలేదు. నాకు కోపం తెచ్చుకోవడం బాగా వచ్చు, కాదనడం రాదు.

అష్టమి మధ్యాహ్నం మూడు దాటింది. పొయ్యి మీద నూనె కాగుతోంది. రెండో వాయి గారెలు. హాల్లో రోజా పిల్లలు ముగ్గురు, మా చిన్నారి, టీవీ. పొద్దుట నుంచి అప్పటికి పదకొండు ఫోన్లు వచ్చాయి, అన్నీ పశువులవే. ఏదీ పెద్దది కాదు. అన్నింటికీ ఫోన్లోనే చెప్పేశాను. చెప్పిన ప్రతిసారీ, చూశావా, ఫోన్లోనే అయిపోయింది, దీనికి హరిబాబు ఎందుకు అనుకున్నాను. తల వెనక వైపు నరం ఒకటి కొట్టుకుంటూ ఉంది. దాన్ని కూడా గారెల పొగ వల్లే అనుకుని వదిలేశాను.

పన్నెండో ఫోను అచ్చియ్యమ్మది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎత్తాను.

"అమ్మా, పండగపూట ఇసిగిస్తన్నాను. ఎర్రావు పొట్ట కాసింత ఉబ్బినాది తల్లీ. పొద్దుట్నించి ఉసూరుమని ఉంది" అంది.

"ఏటి మేతేసేవు పిన్నీ?"

"గడ్డేనమ్మా. ఎప్పుడూ ఏసే గడ్డే."

"వేరుశనగ నూనె పావు లీటరు పట్టించు. పొలమారకుండా చూసుకో. కాసేపు అటూ ఇటూ నడిపించు, తగ్గిపోద్ది."

అటువైపు కాస్త ఆగింది. తర్వాత అంది. "నువ్వు సెలవులో ఉన్నావంట కదా తల్లీ. ఆ హరిబాబు డాక్టరు బాబుకి సెయ్యమంటావేటి?"

అప్పుడే రోజా చిన్నకొడుకు నీళ్ళ గ్లాసు నేలమీద వదిలేశాడు. మా అత్తగారు "గారెలు మాడుతున్నాయే" అంది. నేను గరిటె తిప్పుతూ చెప్పాను.

"ఎందుకు పిన్నీ, నేనున్నాను కదా. పొద్దున్నే వచ్చి చూస్తాను."

"అలాగే తల్లీ" అని పెట్టేసింది.

ఆ ఫోను మొత్తం నిమిషం కూడా లేదు. ఇప్పుడు ఎన్నిసార్లు తిరగేసుకున్నా అందులో నాకు కనబడేది అడగని ప్రశ్న ఒకటి, అనకూడని మాట ఒకటి.

మర్నాడు నవమి. పొద్దున్నే వెళ్తానన్నాను. లేచి స్నానం చేసి వచ్చేసరికి నా స్కూటీ వాకిట్లో కడిగి ఉంది, హ్యాండిల్‌కి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆయుధపూజ. పూజ కాకుండా బండి కదపకూడదని మా అత్తగారి పట్టు. బండి ఒక్కటే కాదు, నా మందుల పెట్టె, స్టెతస్కోపు, సూదులు, మా ఆయన లాప్‌టాపు, చిన్నారి జామెట్రీ బాక్సు, అన్నీ అమ్మవారి ఫొటో ముందు పీట మీద పెట్టి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది.

"అత్తయ్యా, నేనొక ఊరు వెళ్ళి వచ్చేస్తాను. అరగంట" అన్నాను.

"పూజ కాకుండా ఆ పెట్టె ఎలా తీస్తావే? ఏడాదికి ఒక్కపూట. అయినా నీకు సెలవు కదా, ఎవలైనా వత్తారులే" అంది.

ఆ మాటన్నప్పుడైనా హరిబాబుకి ఒక ఫోన్ చెయ్యాల్సింది. నిన్న నూనె పట్టించమన్నాను, తగ్గే ఉంటుంది, తగ్గకపోతే అచ్చియ్యమ్మే మళ్ళీ చేసేది కదా అనుకున్నాను. చేతులు కాళ్ళు బరువుగా ఉన్నాయి. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. మా ఆయన స్నానం చేసి వచ్చి, పూజ అయి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టేసరికి పదకొండు దాటింది. నిమ్మకాయలు తొక్కించుకుని బయల్దేరాను.

ఎర్రావు పాకలో కింద పడుకుని ఉంది. పడుకోవడం కాదు, పడిపోయింది. మెడ వెనక్కి తిప్పుకుని తల డొక్క మీద ఆనించుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. ముక్కు ఎండిపోయింది. పాకలోకి అడుగు పెట్టగానే పుల్లటి వాసన కొట్టింది, పులిసిన గంజి వాసన.  మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి నొక్కాను. గాలి కాదు. లోపల నీళ్ళు బుడుక్కుమన్నాయి. వెనక్కి వెళ్ళి చూశాను. పల్చగా పారుకున్న పేడలో మెతుకులు, పసుపు రంగువి.

"పిన్నీ, దీనికి అన్నం ఎంత పెట్టేవు?"

అచ్చియ్యమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. "అన్నం పెట్టలేదమ్మా."

"మరి ఈ మెతుకులేటి?"

ఆవిడ మెతుకుల వైపు చూసింది. "అది అన్నం కాదు తల్లీ. పెసాదం."

సప్తమి నాడు ఊళ్ళో దుర్గమ్మ మండపం దగ్గర అన్నదానం పెట్టారు. వాన పడి జనం తగ్గారు. పులిహోర, చక్రపొంగలి చాలా మిగిలిపోయాయి. పారబోస్తే తప్పని కమిటీ కుర్రాళ్ళు ఆవులున్న ఇళ్ళకి పంచారు. అచ్చియ్యమ్మకి రెండు బేసిన్లు వచ్చాయి. సాయంత్రం ఒకటి, అష్టమి పొద్దున ఒకటి, తన చేత్తో ముద్దలు చేసి తినిపించింది. గ్లాసెడు పొంగలి కళ్ళకద్దుకుని తను తిని, మిగిలిందంతా ఆవుకే పెట్టింది.

"ఏటి మేతేసేవని అడిగేను కదా పిన్నీ నిన్న."

"గడ్డే కదమ్మా ఏసింది. అమ్మోరి పెసాదం మేతేటి?" అంది. వాదన కాదు అది. నిజంగానే ఆవిడకి తెలీదు. "సూడితో ఉంది కదా, అమ్మోరి పెసాదం తింటే పెయ్యదూడ పుడతాదని ఆశపడ్డాను."

 ఆవు కడుపులోకి అంత అన్నం పోతే లోపలంతా పులిసి ఆమ్లమైపోతుంది. ఆ పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. మొదటి రోజైతే తినే సోడా నీళ్ళు పట్టించి, సెలైన్లు పెట్టి చాలావాటిని లేపొచ్చు. నేనే ఎన్నింటినో లేపాను. రెండో రోజు దాటి పశువు కూలబడిపోతే కష్టం. నేను చెప్పిన నూనె ఉత్త గాలి ఉబ్బరానికి. ఆ నూనెతో ఏమీ కాదు, కాలేదు.

హరిబాబుకి ఫోన్ చేశాను. ఇంట్లో పూజలో ఉన్నాడట, పంచె మీదే వచ్చేశాడు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన మెడ నరంలో సూది దించాడు. పక్కింటి పెదబాబు సెలైను బాటిలు వెదురుకర్రకి కట్టి పట్టుకున్నాడు. నేను గొట్టం వేసి కడుపులోది బయటికి తీయడం మొదలుపెట్టాను. బాటిలు తర్వాత బాటిలు ఎక్కించాం. నా పెట్టె మీద కుంకుమ బొట్లు చెమటకి కరిగి నా వేళ్ళకి అంటుకున్నాయి. స్టెతస్కోపు డొక్క మీద పెట్టి వింటే ఎప్పుడూ నిమిషానికి ఒకటీ రెండుసార్లు ఉరుము దొర్లినట్టు వినబడాలి. ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఒంటిగంట ప్రాంతంలో ఎర్రావు ఒకసారి తల ఎత్తింది. అచ్చియ్యమ్మ "అదిగో, లెగుస్తాది" అని గడ్డిపరక నోటి దగ్గర పెట్టింది. పరక పెదాల మీద అలాగే ఉండిపోయింది. దవడ కదల్లేదు. మూడున్నరకి ప్రాణం పోయింది. కడుపులో దూడ అంతకు ముందే పోయి ఉంటుంది, కదలిక చూడటానికి చెయ్యి ఆనించినప్పుడే నాకు అనిపించింది. అది మాత్రం అచ్చియ్యమ్మకి చెప్పలేదు.

హరిబాబు బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటూ, పంచెకి అంటిన పేడ తుడుచుకుంటూ అన్నాడు. "ఎప్పుడు మొదలైందండీ?"

"నిన్న మూడింటికి ఫోన్ చేసింది. నాకు."

"నిన్న సాయంత్రమంతా నేను ఇంట్లోనే ఉన్నానండీ. పిల్లల్తో క్యారమ్స్ ఆడేను" అన్నాడు. దెప్పడానికి అన్నమాట కాదు. మంచి మనిషి కాబట్టి, తనకి తెలిసుంటే వచ్చేవాడినని బాధతో అన్నాడు. 

అప్పుడు అర్థమైంది నాకు. నేను సెలవు పెట్టినందుకు ఆ ఆవు చావలేదు. సరిగ్గా సెలవు పెట్టకపోవడం వల్ల చచ్చిపోయింది. నేను ఫోను ఎత్తకుండా ఉండుంటే అచ్చియ్యమ్మ హరిబాబుకి చేసేది. ఆయన క్యారమ్ బోర్డు పక్కకి నెట్టి, అన్నం తిన్న ఒంటితో, నిద్ర తీరిన కళ్ళతో వెళ్ళి, నెమరేస్తందా అని అడిగి, సాయంత్రానికల్లా సోడా పట్టించేవాడు. నేను అటు ఇంట్లోనూ లేను, ఇటు ఆసుపత్రిలోనూ లేను. రెండుచోట్లా ఉన్నానని అందరినీ నమ్మించాను.

చుట్టుపక్కలవాళ్ళు చేరారు. "పెసాదం పడలేదేటో", "అంతా అమ్మోరి దయ", "డాక్టరమ్మ పండగ మానుకుని ఒచ్చింది పాపం" అంటున్నారు. ఆ చివరి మాట వినలేకపోయాను. ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. తప్పంతా పొంగలి మీదికి వెళ్ళిపోతోంది. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకోవాలనీ అనిపించింది, అబద్ధం చెప్పను.

అచ్చియ్యమ్మ ఆవు తల దగ్గర కూర్చుని ఉంది. కొమ్ముల మధ్య చేత్తో నిమురుతోంది. పక్కన కూర్చున్నాను.

"పిన్నీ, తప్పు నాది."

"నీదేటి తల్లీ. నా సేత్తో నేనే ఎట్టేను."

"కాదు పిన్నీ. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నెమరేస్తందా అని అడగలేదు. అడిగుంటే లేదని చెప్పేదానివి. చెప్పుంటే నిన్నే వచ్చేదాన్ని."

ఆవిడ చెయ్యి కొమ్ముల మధ్య ఆగింది. నా వైపు చూడలేదు.

"అవును" అంది. "నువ్వెప్పుడూ అడుగుతావు. నిన్న అడగలేదు. పోను పెట్టీసేక నేనూ అనుకున్నాను. అమ్మ అడగలేదేటి అని."

ఆవిడ మళ్ళీ నిమరడం మొదలుపెట్టింది.

"నీకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను తల్లీ. నీ గొంతు అలాగే ఉంది. మళ్ళీ సేద్దామని పోను సేతిలోకి తీసుకున్నాను. సాయంత్రం ఓసారి, పొద్దుగూకేక ఓసారి. పండగపూట కాసింత పడుకుని ఉంటాది, లేపీడం ఎందుకు అనుకున్నాను. పొద్దుట కూడా నువ్వొత్తానన్నావు కదాని సూసేను. నేనున్నాను కదా అన్నావు కదా, ఇంకొకలికి సేస్తే బాగోదు అనుకున్నాను."

నాకు ఏడుపు వచ్చింది. చనిపోయిన పశువు దగ్గర నేను ఏడవడం పదహారేళ్ళలో అదే మొదటిసారి. ఆవిడ నా నిద్ర పాడు చెయ్యకూడదని ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లు పక్కన పెట్టింది. ఆ రెండుసార్లూ నేను మెలకువగానే ఉన్నాను. ఒకసారి మా ఆయన స్నేహితులకి గారెలు వడ్డిస్తున్నాను, ఇంకోసారి సైన్సు ప్రాజెక్టుకి అట్ట కత్తిరిస్తున్నాను. నేను పడుకోనైనా పడుకుని ఉంటే, ఆవిడ నాకు విడిచిపెట్టిన నిద్ర దేనికైనా పనికొచ్చేది.

పెదబాబు వాళ్ళు చెరకు తోట గట్టున గొయ్యి తవ్వడానికి మనుషుల్ని పిలిచారు. ఉప్పు, సున్నం నేనే తెప్పించాను. రాముకి ఫోన్ చేసి నేనే చెప్పాను, నా తప్పుతో సహా. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత "మాయమ్మ తిన్నదా మేడమ్?" అని అడిగాడు. తినలేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో బంతిపూలు వాడిపోయి ఉన్నాయి. బట్టల మీద పేడ, వేళ్ళ మీద కుంకుమ. మా అత్తగారు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జరిగింది చెప్పాను. ఆవిడ పెద్ద నోరు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"బండి ఆపింది నేనే కదే" అంది.

"బండి కాదత్తయ్యా. నిన్నే అయిపోయింది. గారెలు వేయిస్తూ."

ఆవిడ లోపలికి వెళ్ళింది. నీళ్ళు కాచి స్నానాల గదిలో పెట్టింది. రోజా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. మా ఆయన నా పక్కన కూర్చుని "నువ్వొక్కదానివీ మోస్తుంటే మేం చూడలేదు" అన్నాడు. చూశారు, కానీ నేను కుదరదని చెప్పలేదు కదా అన్నాను. అతని మీద ఆ రోజు కోపం లేదు నాకు. ఎవరి మీదా లేదు, అదే కొత్తగా ఉంది.

విజయదశమి పొద్దున తొమ్మిదింటికి అచ్చియ్యమ్మే ఫోన్ చేసింది. పేరు చూసి ఎత్తడానికి భయపడ్డాను.

"కప్పెట్టీసేం తల్లీ, పొద్దుపోయేలోపలే. రాము ఒచ్చేడు" అంది.  "నువ్వు తిన్నావా?"

"తిన్నాను పిన్నీ."

"నీళ్ళు తాగుతున్నావా?"

"ఆఁ."

"పడుకున్నావా?"

నేను పశువుల గురించి ఆవిడని వరసగా అడిగే ప్రశ్నలు అవి. ఆవిడకి తెలిసి అడిగిందో తెలియక అడిగిందో నాకు తెలీదు. రాత్రంతా కళ్ళు మూస్తే కదలని దవడే కనిపించింది. అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదు పిన్నీ."

"పడుకో తల్లీ. నువ్వు పడుకోకపోతే మా ఊళ్ళో ఇంకా నలభై ఉన్నాయి" అంది. "ఆ పోను ఎవలికైనా ఇచ్చీ."

హరిబాబుకి ఫోన్ చేసి, కాల్స్ మళ్ళించమన్నారు కదా, ఆ పని ఇప్పుడు చేద్దామన్నాను. ఆయన ఎలాగో చెప్పాడు, నాకు సరిగ్గా తలకెక్కలేదు. చివరికి ఆయన నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఫోనూ కాగితమూ మా అత్తగారి చేతికిచ్చాను. ఎవరు చేసినా సెలవులో ఉందని చెప్పి ఈ నంబరు చెప్పండి, అంతకంటే ఏమీ వద్దు అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదువుకుంది. నైవేద్యం సంగతి ఎత్తలేదు. ఆ రోజు అమ్మవారికి బెల్లం ముక్క పెట్టిందని తర్వాత చిన్నారి చెప్పింది.

గదిలో చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు. పట్టపగలు, కళ్ళు సగం మూసుకుని, ఆ నిమిషం ఫోనుని మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటూ పడుకున్నాను. గంటకి కాబోలు హాల్లో ఫోను మోగింది. లేవబోయాను. మోచేతుల మీద లేచి అలాగే ఆగాను.

మా అత్తగారి గొంతు ఇల్లంతా వినబడుతోంది.

"ఎవలూ? రావికమతం నుంచా? మా కోడలు సెలవులో ఉంది బాబూ. ఆఁ, ఇయ్యేళ ఎత్తదు. ఆగు, పెట్టీకు, ఒక్కమాట సెప్పు. ఆవు నెమరేస్తందా?"

అవతలి మాట నాకు వినబడలేదు.

"ఏసలేదా? ఎప్పుట్నించి? మరి అలా కూకున్నావేటి, ఈ నెంబరు రాసుకో. హరిబాబు డాక్టరని. ఇప్పుడే సెయ్యి. పెసాదాలూ గట్రా ఏటైనా ఎట్టేరేటో అది కూడా సెప్పు ఆయనకి."

మెల్లగా తల దించి మళ్ళీ చాప మీద పెట్టాను. ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. లేచేసరికి చీకటి పడుతోంది, ఎవరో నా మీద దుప్పటి కప్పారు.

ఆ రావికమతం ఆవు బతికింది. హరిబాబు వెళ్ళాడు. దాన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు.